పార్క్ చేసిన ట్రక్కుకి హిచ్ వదిలేస్తే వచ్చే తిప్పలు

అమెరికాలో పికప్ ఉన్న మనవాళ్లు చాలామంది ఇల్లు మారడానికి అద్దె ట్రెయిలర్ తెచ్చినప్పుడు బాల్ మౌంట్ (ట్రెయిలర్‌ని తగిలించే గుండు ఉండే ఉక్కు ముక్క) తగిలించి, ఆ తర్వాత నెలల తరబడి దాని జోలికే వెళ్లరు. బండి ఫ్రేముకి బోల్టులతో బిగించిన రిసీవర్ అనే గొట్టాన్ని ఎలాగూ తీయం, నేను చెప్పేది అందులోకి దూర్చి, అడ్డంగా పిన్ పెట్టి ఆపే మౌంట్ గురించి. రేపు ట్రెయిలర్ లాగే పని లేకపోతే ఈరోజే తీసేయండి.

సమస్య: పిన్ వచ్చింది, మౌంట్ మాత్రం కదలట్లేదు

అన్నిటికన్నా ఏడిపించేది ఇదే. రిసీవర్ గొట్టం, మౌంట్ రెండూ ఉక్కే, మధ్యలో సందు సన్నగా ఉంటుంది. అందులోకి నీళ్లు చేరి తుప్పు పడితే, తుప్పుకి ఉక్కు కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది లోపలే ఉబ్బి రెండిటినీ పట్టేస్తుంది. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

పిన్ రంధ్రాల్లోంచి, మౌంట్ చుట్టూ ఉన్న సందులోంచి, గొట్టం అవతలి కొస తెరిచి ఉంటే అటు నుంచి కూడా తుప్పు వదిలించే స్ప్రే బాగా కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బరువైన సుత్తితో మౌంట్‌ని ఎడమ నుంచి, కుడి నుంచి, కింద నుంచి మార్చి మార్చి కొట్టండి. కాస్త కదిలిందంటే మళ్లీ స్ప్రే, మళ్లీ సుత్తి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. మంట వచ్చే టార్చ్‌తో వేడి చేయొద్దు, దగ్గర్లోనే స్పేర్ టైరు, పెట్రోల్ ట్యాంకు ఉంటాయి. చెట్టుకి గొలుసు కట్టి బండితో లాగడం అసలే వద్దు, గొలుసు తెగితే ప్రాణాల మీదికి వస్తుంది.

బయటికొచ్చాక గొట్టం లోపల వైర్ బ్రష్‌తో రుద్ది, మౌంట్‌లో గొట్టంలోకి దూరే భాగానికి పల్చగా గ్రీజు రాసి, రిసీవర్ మూతికి రబ్బరు మూత పెట్టండి.

సమస్య: చిన్న గుద్దుడుకే పెద్ద ఖర్చు

మౌంట్ బంపర్ కన్నా బయటికి ఉంటుంది కాబట్టి వెనక నుంచి గుద్దే కారు మొదట దానికే తగులుతుంది. దెబ్బని బంపర్ తీసుకోవాల్సింది పోయి, నేరుగా రిసీవర్‌లోంచి ఫ్రేముకి వెళ్తుంది. ఆ కారు గ్రిల్లు పగిలి రేడియేటర్‌కీ చిల్లు పడొచ్చు. పార్కింగ్‌లో నడిచేవాళ్లకి, ముఖ్యంగా చీకట్లో, మోకాలి కింద ఎముకకి తగిలే దెబ్బ మామూలుగా ఉండదు. దీనికి తీసేయడం తప్ప వేరే మందు లేదు.

సమస్య: రివర్స్ వేయగానే ఊరికే బీప్

కొన్ని బండ్లలో సెన్సార్‌కి మౌంటే అడ్డంగా కనిపిస్తుంది. తీసి చూడండి, అప్పటికీ మోగితే సెన్సార్ మీద మట్టి తుడవండి.

సమస్య: పొద్దున చూస్తే మౌంట్ లేదు

మామూలు పిన్, క్లిప్ ఎవరైనా చేత్తోనే లాగేయొచ్చు. రోజూ ట్రెయిలర్ లాగే పనివాళ్లు ప్రతిసారీ తీయలేరు, అది న్యాయమే, వాళ్లు తాళం ఉండే పిన్ వేసుకుని వారానికోసారైనా మౌంట్ బయటికి లాగి తుడిచి మళ్లీ పెట్టుకుంటే చాలు.