జిమ్నీకి లిఫ్ట్ కిట్ – 4వ పాఠం: గాల్లో బిగించిన బోల్టులు

సుజుకీ జిమ్నీ ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్‌లో ముందు వైపు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చడం పోయిన పాఠంతో అయిపోయింది. లెక్క ప్రకారం ఈసారి వెనక యాక్సిల్ మొదలుపెట్టాలి. మొదలుపెట్టడం లేదు. ముందు వైపు పని ముగించినవాళ్లకు వచ్చిన తిప్పలు ఇవి: 50 మి.మీ. కిట్ వేస్తే బండి 65 మి.మీ. లేచింది. ఎడమకీ కుడికీ సెంటీమీటరు తేడా వచ్చింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద కిర్రుమంటోంది. స్టీరింగు వంకరగా నిలబడింది, మలుపులో తిప్పి వదిలితే దానంతటది వెనక్కి రావడం లేదు.

మొదటి మూడింటికీ చాలాసార్లు మూలం ఒకటే: బండి గాల్లో ఉండగానే బోల్టులు బిగించేయడం. స్ప్రింగుల మీద అనుమానపడి వాటిని తిప్పి పంపకండి.

"చివరి బిగింపు బండి నేలమీదికి దిగాకే" అని పోయినసారి ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం చాలలేదు.

ముందు యాక్సిల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచేవి రెండు పొడవాటి ఆర్ములు, యాక్సిల్ పక్కకి జరక్కుండా అడ్డంగా పట్టే ఒక పాన్‌హార్డ్ రాడ్డు. వాటి కొసల్లో రబ్బరు బుష్షులుంటాయి. బుష్షు లోపల ఇనప గొట్టం ఉంటుంది, దానికి రబ్బరు అతికి ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం బ్రాకెట్ చెవుల మధ్య నొక్కుకుని ఉన్నచోటే నిలిచిపోతుంది. ఆ తర్వాత చక్రం లేచినా దిగినా గొట్టం తిరగదు, రబ్బరు మెలిపడుతుంది. బుష్షుని బేరింగులా ఊహించుకోవడం వల్లే ఈ తప్పు జరుగుతోంది. ఏ భంగిమలో బిగిస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం.

ఇప్పుడు లెక్క చూడండి. ఛాసిస్ బుష్షు నుంచి యాక్సిల్ వరకు ఆర్ము 800 మి.మీ. అనుకుందాం (మీ బండిది టేపు పెట్టి కొలుచుకోండి). ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టినప్పుడు యాక్సిల్ మామూలు ఎత్తు కన్నా 100 మి.మీ. కిందికి వేలాడుతోందనుకుందాం. 100ని 800తో భాగించి 57తో (కోణాన్ని డిగ్రీల్లోకి మార్చే అంకె) గుణిస్తే సుమారు 7 డిగ్రీలు. ఆ స్థితిలో బిగిస్తే, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా రబ్బరు 7 డిగ్రీలు మెలితిరిగే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద చక్రం పైకి లేచినప్పుడు ఆ మెలిక ఇంకా పెరుగుతుంది. క్రమంగా రబ్బరు గొట్టం దగ్గర చిరుగుతుంది. మెలితిరిగిన రబ్బరు యాక్సిల్‌ని కిందికి నెడుతూ అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది. బండి అనుకున్నదానికన్నా ఎక్కువ లేవడం అందుకే. ఒక వైపు గాల్లో, రెండో వైపు నేలమీద బిగిస్తే రెండు పక్కల ఎత్తుల్లో తేడా వస్తుంది. షాక్ అబ్జార్బర్ కింది కన్నులో ఉన్న బుష్షుకీ ఇదే వర్తిస్తుంది, దాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. పాన్‌హార్డ్ రాడ్డు రెండు కొసలకీ ఇదే సూత్రం.

సరిచేయడం కష్టం కాదు. బండిని చదునైన నేలమీద నాలుగు చక్రాల మీద నిలపండి. కింద చోటు చాలకపోతే నాలుగు చక్రాల కిందా ఒకే మందం చెక్కలు పెట్టండి, రెండింటి కిందే పెడితే లాభం లేదు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. ఆర్ముల బోల్టులు, పాన్‌హార్డ్ బోల్టులు, షాక్ కింది బోల్టులు ఒక చుట్టు వదులు చేయండి. ఊడదీయొద్దు. బంపరు మీద చేతులు వేసి నాలుగైదు సార్లు గట్టిగా ఊపండి. అడ్డు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి, బండిని చేత్తో ఒకటి రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ నెట్టి, మళ్లీ అడ్డు పెట్టి బ్రేకు వేయండి. అప్పుడు టార్క్ రెంచ్‌తో, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించండి. బోల్టు తల వైపు పానాతో పట్టుకుని, నట్టు వైపు తిప్పాలి. ఇంపాక్ట్ గన్‌ని నేను వదులు చేయడానికే వాడతాను. బిగించిన ప్రతి నట్టు మీదా తెల్ల పెయింట్ పెన్‌తో గీత గీయండి, ఆ గీత బ్రాకెట్ మీదికి కూడా రావాలి. 100 కి.మీ. తర్వాత గీత విరిగిందా లేదా చూస్తే చాలు.

బోల్టులు వదులు చేసినప్పుడు రబ్బరులో పగులు కనిపిస్తే ఆ బుష్షు మార్చాల్సిందే.

ఇక స్టీరింగు. బాడీ లేచిన కొద్దీ ఆర్ములు ముందుకి వాలతాయి, వాటితో పాటు యాక్సిల్ కూడా తిరిగి క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. పై లెక్కే ఇక్కడా పనికొస్తుంది: 50 మి.మీ. లిఫ్ట్‌కి 800 మి.మీ. ఆర్ముతో మూడున్నర డిగ్రీలు పోతాయి. స్టీరింగు తిరిగి రాకపోవడం, హైవే మీద బండి అటూ ఇటూ తేలడం అందువల్లే. దీనికి విరుగుడు క్యాస్టర్ కరెక్షన్ బుష్షులు. ఆర్ములు యాక్సిల్‌ని పట్టే చోట ఇవి కూర్చుంటాయి, ఒక్కో ఆర్ముకి రెండు. వాటి రంధ్రం నడిమధ్యన ఉండదు. ఒకే ఆర్ములో ఉన్న రెండింటి రంధ్రాలూ ఎదురెదురు దిశల్లోకి జరిగి ఉండాలి, లేకపోతే యాక్సిల్ తిరగదు. ఆర్ములు ఒకటి తర్వాత ఒకటి విప్పండి, రెండూ ఒకేసారి తీస్తే యాక్సిల్ దొర్లుతుంది. ఇవి సాధారణంగా పాలీయురేథేన్‌వి. వీటికి సిలికాన్ గ్రీజే పెట్టాలి. లోపలి గొట్టం అతికించి లేని రకమైతే అది గ్రీజులో తిరుగుతుంది కాబట్టి పైన చెప్పిన మెలిక బాధ తక్కువ. ఛాసిస్ కొసన ఉన్న రబ్బరు బుష్షుకి మాత్రం ఆ మినహాయింపు లేదు. క్యాస్టర్ వెనక్కి తెస్తే పినియన్ (యాక్సిల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) కిందికి వాలి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. ఈ కారణంతోనే నేను 50 మి.మీ. దాటి వెళ్లను.

స్టీరింగు చక్రం వంకరని డ్రాగ్ లింక్ (స్టీరింగు బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్డు) పొడవు సవరించి సరిచేయాలి. చక్రం ఊడదీసి తిప్పి పెడితే కోణం సెన్సరు తప్పు చెప్పి ఈఎస్‌పీ (బండి జారకుండా అదుపు చేసే వ్యవస్థ) దీపం వెలుగుతుంది. యాక్సిల్ పక్కకి జరిగితే, పాన్‌హార్డ్ రాడ్డు ఛాసిస్‌కి బిగించిన వైపుకే జరుగుతుంది. పొడవు మార్చుకునే రాడ్డు వేస్తే సరిపోతుంది. అన్నీ అయ్యాక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు.

అభ్యాసం ఇద్దరు కలిసి చేయాలి, ఒక పూట పడుతుంది. బోల్టులు వదులు చేయకముందు, బిగించాక, నాలుగు చక్రాలకీ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి. తర్వాత ఛాసిస్ స్టాండ్ల మీద ఉండగా ముందు స్ప్రింగులు రెండూ తీసి, జాకీతో యాక్సిల్‌ని బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తాకేదాకా లేపండి. షాక్ రాడ్డు లోపలికి పోవడానికి ఇంకా 15 మి.మీ. అయినా మిగలాలి. మిగలకపోతే బంప్ స్టాప్ కింద స్పేసరు వేయకుండా బండి తీయొద్దు. యాక్సిల్‌ని పూర్తిగా కిందికి దింపి స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు బిగుసుకోకూడదు. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పెట్టి మళ్లీ చూడండి. ఇక్కడ స్ప్రింగు తీశారు కాబట్టి కొన్ని బోల్టులు మళ్లీ వదులవుతాయి. చివరి బిగింపు మళ్లీ నేలమీదే. ఆ ఎనిమిది కొలతలూ, షాక్ రాడ్డు మిగులు అంకె రాసి ఉంచుకోండి. వెనక యాక్సిల్ పాఠంలో బంప్ స్టాప్ ఎత్తు వాటితోనే లెక్కిస్తాం.