ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి నచ్చిన పనిలోకి: రాజీనామాకు ముందు

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు కంపెనీల్లో షిఫ్టులు చేస్తూ "ఇక నావల్ల కాదు" అనిపిస్తుంటే, ముందు తేల్చుకోవలసింది ఒకటి: విసుగు పని మీదా, రాత్రి షిఫ్టు మీదా, పైఆఫీసరు మీదా? మూడు వారాల పాటు ఇంటికి రాగానే నోటుబుక్కులో రెండు ముక్కలు రాయండి. ఇవాళ ఏ గంట తెలియకుండా గడిచింది, ఏ గంట ఎంతకీ గడవలేదు. రాత్రి డ్యూటీ వారాల్లోనే ప్రాణం విసిగితే జనరల్ షిఫ్టు ఉన్న సెక్షన్ అడిగి చూడండి. పగలు కూడా అంతే అయితే అప్పుడు వేరే పని వెతకాలి.

నచ్చిందనుకున్న పనిని సెలవు పెట్టి పదిహేను రోజులు వేరొకరి దగ్గర చేసి చూడండి. కూలి ఇవ్వకపోయినా సరే. ఈ మెట్టు ఎక్కకుండా వదిలేసినవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు.

పలాస జీడి పనే తీసుకోండి. 80 కిలోల పిక్కల (పెంకుతో ఉన్న జీడిగింజల) బస్తాకు పప్పు వచ్చేది సుమారు 20 నుంచి 22 కిలోలు. అదంతా గుండు పప్పు (విరగని పప్పు) కాదు. పప్పు ఆరబెట్టడం ఎక్కువైతే పొట్టు తీసేటప్పుడు పప్పు విరుగుతుంది, తక్కువైతే పొట్టు ఊడదు. గుండు ధరతో 22 కిలోలనూ గుణించి లాభం లెక్క కట్టినవాళ్ళు బద్ద (సగానికి విడిపోయింది), ముక్క వేరు చేశాక నీరుగారిపోతారు. అందుకే పది కిలోల పిక్కలు కొని కొట్టించి, గుండు, బద్ద, ముక్క విడివిడిగా తూచి, మూడింటికీ మూడు ధరలు వేయండి. పెంకులోని రసం చేతులను కాలుస్తుంది, ఆముదం రాసుకోకుండా కూర్చోవద్దు.

ఇంకో చిక్కు: మన పిక్క వచ్చేది వేసవిలోనే. ఏడాదికి సరిపడా అప్పుడే కొంటే పెట్టుబడంతా గోదాములో ఇరుక్కుంటుంది. సరిగ్గా ఎండని పిక్కలు నిల్వ చేస్తే బూజు పట్టి పప్పు నల్లబడుతుంది.

చేతిలో కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు ఉండాలి. బియ్యం, ఫీజులతో పాటు బండి ఈఎంఐ, ఇంట్లో ఆడవాళ్ళ డ్వాక్రా వాయిదా కూడా అందులో వేయండి. వాయిదా మరిచిపోయి లెక్క వేస్తే గొడవ మొదలయ్యేది ఇంట్లోనే.

యంత్రం ముందే కొనేయకండి. పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళ బ్యాంకు అప్పు మీద కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) లాంటివి మొదటిసారి ఇచ్చేది కొత్త యూనిట్లకే. ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఆర్‌సెటి (బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) శిక్షణ ఉచితం, భోజనం, వసతి వాళ్ళవే. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదుకు) రూపాయి కట్టక్కర్లేదు, అడిగినవాళ్ళకు ఇవ్వకండి.

రాజీనామా తేదీ వేసే ముందు సర్వీసు లెక్క చూసుకోండి. పర్మినెంటు ఉద్యోగికి ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: చివరి బేసిక్, డీఏ కలిపి, 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 13,000 మీద ఆరేళ్ళకు 45,000. నాలుగు నెలలే తక్కువైతే ఆగడమే మంచిది. పీఎఫ్‌ను ఐదేళ్ళలోపు తీస్తే పన్ను పడవచ్చు. పదేళ్ళు నిండకుండా మానేస్తే పెన్షన్ సొమ్ము తీసేయకుండా స్కీం సర్టిఫికెట్ తీసుకోండి, మళ్ళీ ఉద్యోగంలో చేరితే పాత సర్వీసు కలుస్తుంది.

చివరి రోజున రిలీవింగ్ లెటరు, మూడు నెలల పేస్లిప్పులు చేతిలో పెట్టుకునే బయటికి రండి. పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీని కంపెనీ ఎక్కించకపోతే, చివరిసారి పీఎఫ్ జమైన రెండు నెలల తర్వాత మీ లాగిన్‌లో మీరే నమోదు చేయవచ్చు.