పాత ఇంటిపై కొత్త అంతస్తు: బడ్జెట్ ఎలా వేసుకోవాలి

పైన ఇంకో అంతస్తు వేద్దామనుకోగానే మేస్త్రిని అడిగే మొదటి మాట "అడుగుకి ఎంత?" అనే. ఆయన చెప్పిన రేటును మేడ (డాబా కప్పు) కొలతతో హెచ్చవేసి, వచ్చిన అంకెను ఇంట్లో అందరూ ఖాయం చేసుకుంటారు. ఖాళీ ప్లాటులో కట్టే ఇంటికైతే ఆ లెక్క కొంతవరకు నిలుస్తుంది. పాత ఇంటి మీద కట్టేటప్పుడు నిలవదు. కింది ఇల్లు ఎంత బరువు మోస్తుంది, దాని మేడ ఏ స్థితిలో ఉంది, పైపులు ఎక్కడున్నాయి అన్నవే ఖర్చును తేలుస్తాయి. అందుకే రేటు అడగడం మూడో పనో నాలుగో పనో కావాలి.

ఇక్కడ లెక్కలకు హైదరాబాద్ కాలనీల్లో మామూలుగా కనిపించే 150 గజాల ప్లాటు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలితే పైన కట్టుకోవడానికి దాదాపు 850 చదరపు అడుగులు మిగులుతుంది.

కింది ఇల్లు మోస్తుందా?

ముందుగా తేల్చాల్సింది మీది పిల్లర్ల ఇల్లా, గోడల మీద నిలిచిన ఇల్లా అన్నది. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు. రాతి పునాది, దాని మీద 9 అంగుళాల గోడ, గోడ మీద స్లాబు, అంతే. మూలల్లో నాలుగు పిల్లర్లు కనిపించినంత మాత్రాన అది పిల్లర్ల ఇల్లయిపోదు. వరండా కోసం పోసినవి కూడా అలాగే కనిపిస్తాయి.

స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, ఒక మూల పిల్లర్ పక్కన, ఒక నడిమి పిల్లర్ పక్కన ఫుటింగ్ (పిల్లర్ కింది పునాది దిమ్మ) కనిపించేదాకా తవ్వించండి. నడిమి పిల్లర్ మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి మూలది ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఫుటింగ్ కొలత, లోతు, కింద ఉన్నది మొరమా, రాయా, నల్లరేగడా అన్నది రాయించుకోండి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి పై అంతస్తు విషయంలో అక్కడ మరింత జాగ్రత్త కావాలి. పిల్లర్ల కాంక్రీటు గట్టిదనం తెలియడానికి రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయించండి. అనుమానం వస్తే కోర్, అంటే పరీక్షకు కాంక్రీటు ముక్క, తీయించండి. ఈ పరీక్షల ఖర్చు మొత్తం బడ్జెట్‌లో చాలా చిన్న ముక్క. అయినా ఎక్కువ మంది మిగిల్చాలని చూసేది ఇక్కడే.

ఇక మేడ మీద "రేపటికి పనికొస్తాయి" అని వదిలేసిన పిల్లర్ల చువ్వలు. ఏళ్ల తరబడి వానకు తడిసి పొరలుగా రాలుతుంటే వాటిని నమ్మడానికి లేదు. కొత్త చువ్వ పాతదాని పక్కన కలిసి నడవాల్సిన పొడవు, అంటే ల్యాప్, సుమారు చువ్వ మందానికి 50 రెట్లు. 16 మి.మీ. చువ్వకు 80 సెంటీమీటర్లు. బయట ఉన్నది అడుగు మాత్రమే అయితే, పిల్లర్ తల చెక్కి చువ్వను బయటికి తీయాలి, లేదంటే రంధ్రాలు వేసి కెమికల్‌తో కొత్త చువ్వలు దింపాలి. రెండోదానికి ఒక్కో రంధ్రానికి ఇంత అని రేటు ఉంటుంది. 9 పిల్లర్లకు 6 చువ్వల చొప్పున 54 రంధ్రాలు. ఈ అంకె మేస్త్రి చెప్పే అడుగు రేటులో ఎప్పుడూ ఉండదు.

పిల్లర్లు లేని ఇల్లయితే ఇంజనీరు పక్కనుంచి కొత్త పిల్లర్లు లేపమనవచ్చు, పైన తేలికపాటి షెడ్డు చాలనవచ్చు, అసలు వద్దనీ అనవచ్చు. వద్దన్నప్పుడు "మేం చాలా ఇళ్లు కట్టాం, ఏం కాదు" అనే ఇంకో మనిషిని వెతుక్కోవద్దు.

అనుమతి

తెలంగాణలో 2020 నాటి బీపాస్ (ఇంటి అనుమతుల) చట్టం ప్రకారం 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. మన 150 గజాలు రెండో కోవలోకి వస్తుంది. చిక్కంతా కింది అంతస్తుతోనే. దానికి పాత ప్లాను మంజూరై ఉందా, కట్టింది ప్లాను ప్రకారమేనా అన్నది ముందే చూపించుకోండి. స్వీయ ధ్రువీకరణలో తప్పు రాస్తే బాధ్యత యజమానిదే. అనుమతి లేని అంతస్తుకు ఆస్తిపన్ను మీద పెనాల్టీ కూడా పడుతుంది. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. ఫీజులు, డ్రాయింగులు, ఇంజనీరు సంతకం అన్నీ కలిపి బడ్జెట్‌లో ఒక పద్దుగా వేరే రాసుకోండి.

మేడను నేలగా మార్చడం

ఎస్టిమేట్లలో అన్నిటికన్నా తక్కువ కనిపించే పద్దు ఇదే. పాత మేడ వాన నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది, పైన కోబా, అంటే నీళ్లు దిగకుండా వేసిన పొర, ఉంటుంది. అదే రేపు హాలు నేల కావాలి. కోబా తీయకుండా వాలును సమం చేయాలని సగటున 2 అంగుళాలు కాంక్రీటు పోస్తే 850 అడుగులకు 4 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 9 టన్నుల అదనపు బరువు. కోబా తీయించి సమం చేయిస్తే బరువు చాలావరకు సర్దుకుంటుంది. అయితే తీసే కూలి, మలబా (తీసిన శిథిలాల) ఎత్తిపోత ఖర్చు మీదే. మలబాను చెరువు గట్టునో నాలాలోనో పోస్తానన్న ట్రాక్టరువాడికి ఒప్పుకోవద్దు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి.

బాత్రూమ్ ఎక్కడ పెట్టాలో ఈ దశలోనే తేలాలి. కొత్త ఇంట్లోనైతే స్లాబును కిందికి దించి పైపులు దాస్తారు. పాత స్లాబులో ఆ దింపుడు లేదు. కాబట్టి పై బాత్రూమ్ సరిగ్గా కింది బాత్రూమ్ మీదికే రావాలి. పైపు స్లాబులోంచి దిగి, కింద ఫాల్స్ సీలింగ్‌లో దాగుతుంది. వాస్తు కోసమో వెలుతురు కోసమో వేరేచోట కావాలంటే నేలను 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు చేయాలి. గడప తన్నుకుంటుంది, బరువు పెరుగుతుంది, లీకైతే కింద పడకగది పైకప్పు తడుస్తుంది.

నీళ్ల ట్యాంకు, సోలార్ హీటరు, డిష్, ఏసీ బయటి యూనిట్లు అన్నీ తాత్కాలికంగా ఎక్కడో పెట్టి, పని అయ్యాక కొత్త కప్పు మీదికి ఎక్కించాలి. 1000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాని కింద బీము ఎక్కడ వస్తుందో డ్రాయింగులో ముందే ఉండాలి. ఎత్తు పెరుగుతుంది కాబట్టి పాత మోటారు నీళ్లు ఎక్కిస్తుందో లేదో కూడా చూసుకోండి.

స్లాబు లెక్క

ఈ ఒక్క లెక్క మీ చేతికి వస్తే ఎస్టిమేటు నిజమో కాదో చాలావరకు పట్టేయవచ్చు.

850 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంలో 354 ఘనపు అడుగులు. 9 అంగుళాల వెడల్పుతో, స్లాబు కిందికి అడుగు దిగే బీములు మొత్తం 200 అడుగులుంటే ఇంకో 150. కలిపి 504 ఘనపు అడుగులు, అంటే 14.3 ఘనపు మీటర్లు. ఎం20 రకం (బలాన్ని బట్టి పెట్టిన పేరు) కాంక్రీటును 1 : 1.5 : 3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు 8 బస్తాల సిమెంటు, 15 ఘనపు అడుగుల దొడ్డు ఇసుక, 30 ఘనపు అడుగుల 20 మి.మీ. కంకర పడుతుంది. ఆ లెక్కన సిమెంటు 115 బస్తాలు. వృథాకు కలుపుకుంటే 120. ఇసుక 215 అడుగులు, కంకర 430 అడుగులు. ఇనుము స్లాబుకు, బీములకు కలిపి సుమారు 1.3 నుంచి 1.4 టన్నులు. ఖచ్చితమైన అంకె ఇంజనీరు ఇచ్చే చువ్వల పట్టికలోనే దొరుకుతుంది.

చువ్వ బరువుకు సూత్రం: మందాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 8 మి.మీ. 0.395, 12 మి.మీ. 0.89, 16 మి.మీ. 1.58. లారీ దిగగానే కట్టలు లెక్కపెట్టి, ఈ సూత్రంతో గుణించి, కాటా చీటీతో పోల్చండి.

సందు ఇరుకైతే రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి తెచ్చే కాంక్రీటు) బండి లోపలికి రాదు. వచ్చినా 14.3 ఘనపు మీటర్లకు 6 ఘనపు మీటర్లు పట్టే బండ్లు మూడు కావాలి, మూడోది సగం కూడా నిండదు. తక్కువ లోడుకు అదనపు ఛార్జీ ఎంతో ముందే అడగండి. మిక్సరు, లిఫ్ట్‌తో పోయిస్తే మనుషులు ఎక్కువ, ఆ రోజు కూలి ఎక్కువ. స్లాబు రోజు కొబ్బరికాయ, పనివాళ్లకు దావత్ ఏ కొటేషన్‌లోనూ ఉండవు, తప్పవు కూడా. రాసిపెట్టుకోండి.

స్లాబు పడ్డాక తొందరపడేది సెంట్రింగ్ వాళ్లే. వాళ్ల రేకులు, జాకీలు ఇంకో సైటుకు పోవాలి మరి. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, 6 మీటర్ల లోపు బీముకు 14 రోజులు ఉండాలి. ఇది మామూలు ఓపీసీ సిమెంటుకు. పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన సిమెంటు) వాడితే ఇంకా ఆగాలి, తడపడం కూడా కనీసం 10 రోజులు సాగాలి. సెంట్రింగ్ ఎన్ని రోజులు ఉంటుందో గుత్త కాగితంలోనే రాయించండి. ఎండాకాలంలో తడపడానికి ట్యాంకరు నీళ్లు కొనాల్సి వస్తే అదీ ఖర్చే.

గోడలు, పైపూత

పాత ఇంటి మీద కట్టే గోడకు ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలికగా చేసిన సిమెంటు బ్లాకు) మేలు. ఎర్ర ఇటుక కట్టుబడి ఘనపు మీటరు దాదాపు 1,900 కిలోలు తూగుతుంది, ఏఏసీ 550 నుంచి 650. బ్లాకు ధర ఎక్కువ అనిపించినా పిల్లర్ల మీద పడే బరువు తగ్గుతుంది, గిలాబు (ప్లాస్టరింగ్) పల్చగా సరిపోతుంది. బరువైన అల్మారాలు వేలాడదీసే చోట మాత్రం ప్రత్యేక యాంకర్లు కావాలి. టైల్స్‌కు 10 శాతం వృథా వేసుకోండి. లప్పం (పుట్టీ), రంగులు, గ్రిల్స్, దర్వాజాలు మీ ఇష్టాన్ని బట్టి ఎటైనా పోతాయి. చేయి దాటేది ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు రేటు అడగండి

అడిగేటప్పుడు ఏ కొలతకు అని అడగండి. మేస్త్రులు సాధారణంగా స్లాబు కొలత పడతారు. బాల్కనీ, మెట్ల గది, కొన్నిచోట్ల సజ్జలు కూడా అందులోకే వస్తాయి. లెక్క చూపడానికి అడుగుకి 1,900 రూపాయలు అనుకుందాం. మీకు చెప్పిన రేటు ఆ స్థానంలో పెట్టుకోండి. 850 అడుగులకు 16.15 లక్షలు. బాల్కనీ, మెట్ల గది 120 అడుగులు కలిస్తే 970 అడుగులకు 18.43 లక్షలు. పరీక్షలు, అనుమతి, రంధ్రాలు, మలబా, ట్యాంకు మార్పిడి, రెండో కరెంటు మీటరు వంటి గుత్తలో లేనివాటికి 3 లక్షలు వేస్తే 21.43. పాత ఇంటి పని కాబట్టి చేతిలో 15 శాతం, అంటే 3.21 లక్షలు ఉంచుకుంటే 24.64 లక్షలు. అడుగుకి 1,900 అనుకున్నది మీ 850 అడుగుల మీద 2,900 దగ్గర తేలింది.

కాగితంలో సిమెంటు, ఇనుము కంపెనీల పేర్లు, చువ్వల మందాలు, పైకి సామాను ఎక్కించే కూలి ఎవరిది, పరంజా ఎవరిది, పిట్టగోడ ఎత్తు ఎంత అన్నవి ఉండాలి. అడ్వాన్సు 10 శాతం మించనివ్వద్దు. పిల్లర్లు, స్లాబు, గోడలు, గిలాబు, నేల పూర్తయ్యే కొద్దీ ఇవ్వండి. చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాక ఇచ్చేలా మాట్లాడుకోండి. మేస్త్రులు ఒప్పుకోవడానికి మొరాయిస్తారు, కానీ కప్పు కారితే మళ్లీ పిలవడానికి మీ దగ్గర మిగిలేది ఆ డబ్బే.

బ్యాంకు రుణం తీసుకుంటే అది కూడా దశలవారీగానే వస్తుంది, పైగా పని జరిగాక వస్తుంది. స్లాబు వారంలో ఇనుము, సిమెంటు, కూలి ఒకేసారి మీద పడతాయి కాబట్టి కనీసం ఆ ఒక్క దశకు సరిపడా సొంత డబ్బు చేతిలో ఉండాలి. దసరా వెళ్లగానే మొదలుపెడితే స్లాబు వానల్లో చిక్కుకోదు. సంక్రాంతికి కూలీలు ఊళ్లకు పోతే పది రోజులు పని ఆగుతుంది. స్లాబు పోత ఆ సెలవుకు రెండు మూడు రోజుల ముందు పడకుండా చూసుకోండి, లేదంటే తడపడానికి మనిషి దొరకడు.