కోవిడ్, ఫ్లూ జ్వరాల్లో బ్లడ్ రిపోర్టు ఎలా చదవాలి

రాత్రి పదకొండింటికి పిన్ని ఫోన్. "ఒరేయ్, మీ బాబాయికి డి-డైమర్ వెయ్యి రెట్లు పెరిగిందిరా!" అది 2021 మే నెల, అప్పుడు ఇలాంటి మాట వింటే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. డి-డైమర్ అంటే ఒంట్లో రక్తం గడ్డకడుతోందేమో చెప్పే టెస్టు. రెండు రిపోర్టులూ వాట్సాప్‌లో పెట్టమన్నాను. సోమవారం ఒక ల్యాబ్‌లో 0.48, గురువారం ఇంకో ల్యాబ్‌లో 520. మొదటిది మిల్లీలీటరుకి మైక్రోగ్రాముల్లో ఇచ్చారు, రెండోది నానోగ్రాముల్లో. అంటే 480 ఉన్నది 520 అయింది, అంతే. బాబాయి అప్పటికే పెరుగన్నం తిని పడుకున్నాడు, బీపీ పెరిగింది పిన్నికి.

అందుకే రిపోర్టు రాగానే అంకె పక్కన ఉన్న యూనిట్ చూడండి. డి-డైమర్‌లో ఇంకో తిరకాసు ఉంది: దాన్ని రెండు రకాల కొలతల్లో ఇస్తారు. యూనిట్ పక్కన ఎఫ్‌ఈయూ అని ఉంటే 500 నానోగ్రాముల దాకా నార్మల్, డీడీయూ అని ఉంటే దాదాపు అందులో సగమే. పైగా వయసుతో పాటు అది మామూలుగానే పెరుగుతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి ఇస్తాయి. రెండో లెక్కలో 6 అంటే మొదటి లెక్కలో 60. ఈ గొడవంతా ఎందుకు, జ్వరం తగ్గేదాకా ఒకే ల్యాబ్‌కి వెళ్లండి.

తర్వాత రిపోర్టు మీద పెన్నుతో జ్వరం ఎన్నో రోజో రాయండి. టెస్టు పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కాకుండా, ఒళ్లు నొప్పులో గొంతు నొప్పో మొదలైన రోజు నుంచి లెక్కపెట్టాలి. కోవిడ్‌లో పరిస్థితి ముదిరితే ఎక్కువగా ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్యే ముదురుతుంది కాబట్టి, రెండో రోజే పరిగెత్తి చేయించిన సీఆర్‌పీ నార్మల్ అని వస్తే దాన్ని చూసి ధీమా పడిపోకండి.

అన్నిటికంటే చవకైనది సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, చాలామంది హిమోగ్లోబిన్ చూసి పక్కన పడేస్తారు. అందులో లింఫోసైట్లనే ఒక రకం తెల్లకణాల శాతాన్ని మొత్తం తెల్లకణాలతో లెక్కకట్టండి: తెల్లకణాలు 5200, లింఫోసైట్లు 14 శాతం అయితే 728. వెయ్యి లోపుకి పడిపోతే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. ఇంకో రకం తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 80 శాతం ఉంటే 80ని 14తో భాగించండి, 5.7 వస్తుంది, ఇది 3 దాటి రోజురోజుకీ ఎక్కుతుంటే మంచి సూచన కాదు. కానీ అప్పటికే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టేసి ఉంటే ఈ లెక్క వదిలేయండి, ఆ మందే న్యూట్రోఫిల్స్‌ని పెంచి లింఫోసైట్లని తగ్గిస్తుంది.

సీఆర్‌పీ విషయంలో ఒక్క అంకె కన్నా అది ఎటు నడుస్తోందన్నదే ముఖ్యం. (ఇక్కడి నుంచి సీఆర్‌పీ అంకెలన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లోనే.) 18 నుంచి రెండు రోజుల్లో 64కి వెళ్లడం, 64 దగ్గర ఆగి దిగడం రెండూ ఒకటి కాదు. ఫ్లూలో జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ కాస్తూ సీఆర్‌పీ బాగా పెరిగితే పైన బ్యాక్టీరియా న్యుమోనియా చేరిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు, బ్యాక్టీరియా ఉందేమో తేల్చడానికి ప్రొకాల్సిటోనిన్ టెస్టు రాసేది అప్పుడే.

ఒంట్లో ఐరన్ నిల్వని చూపే, జ్వరాల్లో కూడా పెరిగే ఫెరిటిన్ మన ఇళ్లలో తప్పుదారి పట్టించే టెస్టు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి మామూలుగానే 10 ఉండొచ్చు, జ్వరంలో 120కి వెళ్లినా రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకి జలుబు కూడా లేకుండానే ఎక్కువ ఉండొచ్చు. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరిగితే కింద చిన్న అక్షరాల్లో 'హిమోలైజ్డ్ శాంపిల్' అని రాశారేమో వెతకండి. ట్యూబులో ఎర్రకణాలు పగిలినా అది పెరుగుతుంది. ఇంట్లో ఉన్న మనిషికి ఐఎల్-6 అనే ఇంకో వాపు టెస్టు చేయించడం నా దృష్టిలో డబ్బు దండగ.

బ్రిటన్‌లో 2020లో ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకి ప్రాణాపాయం ఎంతో అంచనా వేయడానికి 4సీ అనే స్కోరు తయారుచేశారు, మొత్తం 21 పాయింట్లు. అరవైల్లో ఉన్న మగమనిషికి షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే రక్తం తీయకముందే 7 పాయింట్లు. సీఆర్‌పీ వంద దాటినా వచ్చేది 2 మాత్రమే, మనం పట్టించుకోని యూరియా బాగా పెరిగితే మాత్రం 3. డి-డైమర్, ఫెరిటిన్ అందులో లేనే లేవు.

ఇక ఆక్సిజన్. పల్స్ ఆక్సీమీటర్‌ని గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టి చూడండి. 94 కంటే తగ్గినా, నిమిషానికి 24 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా రిపోర్టు ఎంత బాగున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆక్సిజన్ బాగుండి సీఆర్‌పీ 30 వచ్చిందని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కొని మింగడం మాత్రం వద్దు. బ్రిటన్‌లోనే 2020లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ మేలు చేసింది ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకే, మిగతావాళ్లకి లాభం కనిపించలేదు.

డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు పీడీఎఫ్ పంపి 'ఏం చేయాలి సార్' అనకండి. ఇలా చెప్పండి: "నాన్నకి 67, షుగర్ ఉంది. ఇవాళ్టికి జ్వరం ఏడో రోజు. ఆక్సిజన్ కూర్చుంటే 96, ఆరు నిమిషాలు నడిస్తే 92. ఊపిరి నిమిషానికి 26. సీఆర్‌పీ మొన్న 18, ఇవాళ 64, ఒకటే ల్యాబ్ సార్." ఇంకో ప్రశ్న వేయకుండా వెంటనే తీసుకురమ్మంటారు.