కౌజు పిట్టలు: మొదటి పది రోజులు, చివరి అరగంట

కౌజు పిట్టలు పెంచడం తేలికేనా అని ఎవరైనా అడిగితే తేలికే అంటాను, కాకపోతే పిల్లల్ని తెచ్చిన దగ్గర్నుంచి కోసేదాకా పట్టే ఐదు వారాల్లో రెండు చోట్ల మాత్రం మీరు దగ్గరుండి చూసుకోవాలి. పిల్లలు ఇంటికొచ్చిన మొదటి పది రోజులు, కోసే రోజు చివరి అరగంట. మధ్యలో వాటి మానాన అవి తింటాయి, పెరుగుతాయి. నేను అమలాపురం దగ్గర మా ఇంటి వెనక వసారాలో యాభై యాభై చొప్పున పెంచుతున్నాను, అమ్మకానికి కాదు, ఇంట్లోకీ, వచ్చే చుట్టాలకీ.

ముందో సంగతి తేల్చేద్దాం. పొలం గట్టు మీద గడ్డిలోంచి బుర్రుమని లేచే కౌజులు అడవి పిట్టలు, వాటికి వలేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఆ జోలికి పోకండి. మనం పెంచేది జపాన్ కౌజు. 1974లో అమెరికా నుంచి మన దేశానికి తెచ్చి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో పెంపకానికి పెట్టారు, అక్కణ్ణుంచి అన్ని చోట్లకీ పాకింది. వీటికి పొదిగే బుద్ధి దాదాపు పోయింది కాబట్టి గుడ్లు మెషిన్‌లో పెట్టే పొదిగిస్తారు, 17, 18 రోజుల్లో పిల్లొస్తుంది. ఇంట్లో నాలుగు పిట్టలు కోసుకోవడానికి మనకు మెషిన్ ఎందుకు, పిల్లల్ని కొనుక్కోవడమే మేలు.

ఒక రోజు పిల్ల ఏడెనిమిది గ్రాములుంటుంది, ఉసిరికాయంత. అట్టపెట్టె మూత తీసి చూపిస్తే మా మామ్మ "ఇవేం పిట్టల్రా, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి" అంది. ఆవిడ అన్నది నిజమే, అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు. అందుకే మొదటి వారం పిల్లలుండే చోట 35 నుంచి 37 డిగ్రీలుండాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవచ్చు. థర్మామీటర్ కంటే పిల్లల్ని చూస్తేనే ఎక్కువ తెలుస్తుంది. బల్బు కింద కుప్పగా చేరి కీచుకీచుమంటుంటే చలేస్తోందని, గోడలకి అంటుకుని నోరు తెరిచి రొప్పుతుంటే ఉడికిపోతున్నాయని, పెట్టె అంతటా చెల్లాచెదురుగా తిరుగుతూ పడుకుంటూ ఉంటే సరిపోయిందని. బల్బు పాతకాలం తీగ బల్బే కావాలి, యాభై పిల్లలకి 60 వాట్లది ఒకటి సరిపోతుంది, ఎత్తు పెంచుతూ తగ్గిస్తూ సర్దుకోండి. ఎల్‌ఈడీ పెట్టి రాత్రంతా వెలుగుతూనే ఉందిగా అని నిద్రపోయిన వాళ్ళు నాకు తెలుసు. దాని వెలుగు వేరు, మనకు కావలసిన వేడి వేరు.

నా మొదటి బ్యాచ్‌లో ఒక్క రాత్రిలో పంతొమ్మిది పోయాయి. అర్ధరాత్రి కరెంటు పోయింది, నాకు మెలకువ రాలేదు, చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కిందున్నవి ఊపిరాడక చచ్చిపోయాయి. ఇప్పుడైతే రెండు లీటర్ల సీసాల్లో వేడినీళ్ళు పోసి తువ్వాలు చుట్టి పెట్టెలో పెట్టేస్తాను, తెల్లారేదాకా కాస్తాయి. కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకండి, ఆ పొగ పిట్టలకే కాదు మనకూ ప్రమాదమే.

పెట్టె అట్టదైతే చాలు. మా వైపు చేపలు, రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెలు ఊరికే దొరుకుతాయి కదా అని ఒకసారి వాడాను, మూడో రోజుకి గోడలన్నీ పొడుచుకు తినేశాయి. అడుగున న్యూస్‌పేపర్ వద్దు, నున్నగా ఉండి కాళ్ళు రెండు పక్కలకీ జారిపోతాయి, అలా జారిన పిల్ల ఇక లేవదు. మొదటి మూడు నాలుగు రోజులు గోనెసంచి పరిచి, తర్వాత దాని మీద ఊక పోయండి. రైస్ మిల్లుల మధ్య బతుకుతున్న మనకి ఊకకేం కరువు. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు నింపాలి, లేదంటే వేలెడు లోతులో కూడా మునిగిపోతాయి. కాస్త తడిసినా చాలు, వణికి వణికి పోతాయి.

మేతలో మాంసకృత్తులు బాగా కావాలి, 24 శాతం పైన. బ్రాయిలర్ కోడిపిల్లలకి మొదట్లో వేసే ప్రీ స్టార్టర్ మేత ఇంచుమించు దగ్గరగా ఉంటుంది, మొదటి వారం దాన్ని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి నలగ్గొట్టి వేయండి, ఆ ముక్కుకి పెద్ద పలుకులు పట్టవు. కోసే వయసొచ్చేసరికి ఒక్కో పిట్ట అరకిలో దాకా తింటుంది, యాభైకి ఒలకబోసేది కూడా కలుపుకుని ముప్పై కిలోలు అనుకోండి. తవుడూ నూకలతో నెట్టుకొద్దామనుకుంటే పిట్ట పెరగదు.

రెండు వారాలు దాటాక బోనులోకి మార్చేయండి. ఒక చదరపు అడుగుకి ఐదు పిట్టలు, నేల మీద ఊకలో వదిలితే మూడు. బోను ఎత్తు అడుగుకి మించకూడదు, ఎందుకంటే ఇవి బెదిరితే పక్కకి పరిగెత్తవు, నిట్టనిలువుగా పైకి ఎగురుతాయి. జాగా ఎక్కువుంటే ఆ ఊపుకి పైకప్పుకి కొట్టుకుని తల పగులుతుంది. వల కన్ను అరంగుళం లోపే ఉండాలి, లేదంటే పందికొక్కు, పిల్లి, ముంగిస, పాము అన్నీ వరసగా వస్తాయి. చీమలు రాకుండా బోను కాళ్ళు నీళ్ళ డబ్బాల్లో పెట్టి, దోమలు చేరకుండా రెండు చుక్కల నూనె వేయండి.

మన డెల్టాలో అసలు శత్రువు తేమ. వానాకాలం నేల చెమ్మెక్కుతుంది, ఊక తడిసి అమ్మోనియా వాసన కొడుతుంది, మోకాళ్ళ మీద కూర్చుని పిట్ట ఎత్తున పీల్చి చూడండి, మీ కళ్ళు మండితే ఊక మార్చాల్సిందే. రోహిణి కార్తెలో అయితే తడి గోనెలు కట్టి గాలి ఆడనివ్వాలి. నాటుకోళ్ళతో కలిపి ఉంచకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా, కౌజులకీ అది వస్తుంది. ఒక్కసారిగా నాలుగైదు చచ్చిపడితే ఉత్త చేతులతో ముట్టుకోకుండా పశువుల ఆస్పత్రికి చెప్పండి, మిగిలినవి గబగబా కోసేసుకుందామనే ఆలోచన అస్సలు వద్దు.

మూడు వారాలకి ఆడా మగా తెలిసిపోతుంది. రొమ్ము ఈకలు నల్ల చుక్కల్లేకుండా ఇటుక రంగులో ఉంటే మగది, లేత గోధుమ రంగు మీద నల్ల చుక్కలుంటే ఆడది. గుడ్లకి కొన్ని ఆడవి ఉంచుకోండి, ఏడో వారం నుంచి పెడతాయి. మగవి ఐదో వారంలో 180, 200 గ్రాములకి రాగానే కోసేయాలి, ఆగితే అరుపులూ పోట్లాటలూ, పైగా మేత దండగ.

ఇక ఆ చివరి అరగంట. తెల్లారుజామున కోసేటట్టయితే పడుకునే ముందు మేత తీసేసి నీళ్ళు ఉంచండి. చీకటుండగానే పట్టి గంపలో వేసి తువ్వాలు కప్పేస్తే కిక్కురుమనవు. గంపని కోసే చోటికి దూరంగా పెట్టి ఒక్కోదాన్నే తెచ్చుకోవాలి. మెడ తెంచేది కత్తెరతోనే, దాని విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మొదటిసారి వంటింటి మొద్దు కత్తెరతో, చెయ్యి వణుకుతూ సగం నొక్కి ఆగిపోయాను, ఆ పిట్ట పడ్డ బాధ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పుడు కోసే ముందు మునక్కాడ మీద చూస్తాను. ఒక్క నొక్కుకి పీచు మిగలకుండా తెగితే సరే, లేదంటే సాన పట్టిస్తాను.

ఎడం చేత్తో రెక్కలూ కాళ్ళూ కలిపి గట్టిగా పట్టుకుని, బకెట్ మీద తలకిందులుగా ఉంచి, తల వెనక మెడ దగ్గర ఒక్క నొక్కుతో తెంచేయండి. ఆ తర్వాత అరనిమిషం దాకా ఒళ్ళు కొట్టుకుంటుంది, అప్పటికే ప్రాణం లేదు, కంగారుపడి వదిలేయకండి.

వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకొచ్చు, కానీ తోలు సిగరెట్ కాగితంలా పల్చన, చిరిగిపోతుంది. నేను తోలే ఒలిచేస్తాను. ముందు నీళ్ళలో ముంచి తీస్తే ఈకలు ఎగరవు. కాళ్ళు కీలు దగ్గర, రెక్కలు రెండో కీలు దగ్గర కత్తిరించి, రొమ్ము మీద తోలు గిల్లి పట్టుకుని బొటనవేలు దూర్చి లాగితే చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. తర్వాత వెన్నుకి రెండు పక్కలా తోక నుంచి మెడ దాకా కత్తిరించి వెన్ను తీసేస్తే లోపలంతా తెరుచుకుంటుంది, వేళ్ళతో ఒక్కసారి తోడేయడమే. కార్జానికి అంటుకున్న పచ్చటి చేదు తిత్తి చిట్లిందంటే ఆ చేదు వదలదు, దాన్ని ముందే జాగ్రత్తగా తీయండి. గుండె, కార్జం, కందనకాయ ఉంచుకోండి, కందనకాయ చీల్చి లోపలి పసుపు పొర ఒలిచేయాలి. ఉప్పూ పసుపూ వేసిన చల్లటి నీళ్ళలో కడిగితే పని అయినట్టే. మొదటి పిట్టకి పావుగంట పడుతుంది, పదో పిట్టకి మూడు నిమిషాలు.

పేగులూ ఈకలూ కాలవలో పారేయకండి, కొబ్బరి మొక్క మొదట్లో కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. మాంసం కోసిన వెంటనే వండాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వండాలి. మధ్యలో మూడు నాలుగు గంటలకి వండితే బిగుసుకుని ఉండి నమలలేరు. మా ఇంట్లో అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పట్టించి, మూత పెట్టి మగ్గనిచ్చి, చివర్లో కరివేపాకు వేసి వేపుతారు. తోలు లేదు కాబట్టి నూనె కాస్త ఎక్కువే పట్టనివ్వండి, లేదంటే రొమ్ము ముక్క ఎండిపోతుంది. బోను మాత్రం ఆ రోజే కడిగి సున్నం కొట్టి వారం రోజులు ఎండలో పడేయండి, అది ఆరాకే తర్వాతి బ్యాచ్ పిట్ట పిల్లలకి ఆర్డర్ చెప్పండి.