వానలు ముదిరేలోపు: డెల్టాలో జెర్రిని పెంచేవారికి జాగ్రత్తలు

ఏరువాక పున్నమి దాటి కాలువలు నిండాయంటే మా కోనసీమ ఇళ్ళలో జెర్రులు కనిపించడం మొదలవుతుంది. కొబ్బరి డొక్కల పోగు అడుగున, పిడకల గూటిలో, నూతి గట్టు పగుళ్ళలో ఎండాకాలమంతా దాగినవి నేల చెమ్మగిల్లగానే బయటికి వస్తాయి. ఆ కన్నాలలోకి నీరు దిగితే గడప దాటి ఇంట్లోకీ వస్తాయి. వాటిని చూడగానే చీపురు అందుకునే ఇళ్ళే ఎక్కువ. నేను ఆరేళ్ళుగా వాటిని పెట్టెలో పెంచుతున్నాను. ఈ మధ్య మా చుట్టుపక్కల కుర్రవాళ్ళు కూడా వీడియోలు చూసి ముచ్చటపడి, రంగుల జెర్రిని సీసాలో వేసుకుని తిరుగుతున్నారు. ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది. నారింజ రంగు ఒంటి మీద పెద్దపులి చారల్లా నల్లపట్టీలు వేసుకున్న స్కోలోపెండ్రా హార్డ్‌వికీ అనే జాతి జెర్రిని ఒకసారి చూసినవారు మరచిపోలేరు. మన పెరళ్ళలో తిరిగే స్కోలోపెండ్రా మార్సిటాన్స్ కూడా అందమైనదే. కానీ జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ పెంపకానికి వేరే లెక్క ఉంది. అది తెలియక నేను ఒకసారి ఇంటిల్లిపాదినీ భయపెట్టాను.

ముందు జెర్రి ఒంటి తీరు తెలుసుకోవాలి. దాని చర్మానికి చాలా పురుగులకు ఉండే మైనపు పూత లేదు. ఒంటి పక్కన ఉండే శ్వాస రంధ్రాలను అది పూర్తిగా మూసుకోలేదు. అందుకే పొడిగాలిలో ఒంట్లోని నీరు త్వరగా ఆవిరైపోతుంది. మే నెలలో పెట్టె నుంచి తప్పించుకున్న జెర్రి, ఇల్లంతా పొడిగా ఉంటే, ఏ స్నానాల గదిలోనో తడి గోనె కిందనో దొరుకుతుంది, లేదా ఎండి చనిపోతుంది. జూలైలో అలా జరగదు. అప్పుడు మన ఇల్లే దానికి పెద్ద పెట్టె. వంటగది మూల, మంచం కింద, తడిసిన చెప్పుల లోపల, అన్నీ దానికి అనుకూలమైన చోట్లే. వారాల తరబడి బొద్దింకలు తింటూ హాయిగా బతుకుతుంది. కాబట్టి వానాకాలంలో మొదటి జాగ్రత్త మూత. రెండోదీ మూతే.

నాకు జరిగింది ఇదీ. నా పెట్టెకు చెక్క చట్రం, దాని మీద ఇనుప జాలీ ఉండేవి. నాలుగేళ్ళు బాగా పనిచేసింది. ఆ ఏడాది ముసురు పది రోజులు పట్టేసరికి చెక్క ఉబ్బి, ఒక మూల మూత కొద్దిగా పైకి లేచింది. ఆ సందు నా కంటికి ఆనలేదు. జెర్రి ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది, తల పట్టిన సందులో మిగతా ఒళ్ళంతా పడుతుంది. తెల్లవారి చూస్తే పెట్టె ఖాళీ. ఇంట్లో నాలుగేళ్ళ మేనకోడలు ఉంది. మా అమ్మ ఆ మూడు రాత్రులూ దోమతెర అంచులు పరుపు కిందికి దోపి, పిల్లను పక్కనే పడుకోబెట్టుకుంది. "నీ సరదా సరే నాన్నా, పసిదాని మాటేమిటి?" అని ఒక్కసారి అడిగింది, అంతే. మూడో రాత్రి బియ్యం డబ్బా వెనక దొరికింది. ఆ మర్నాడే చెక్క పెట్టె తీసేశాను.

ఇప్పుడు వాడేది నాలుగు వైపులా బిగించే కొక్కేలున్న మందపాటి ప్లాస్టిక్ డబ్బా. గోడలు నున్నగా ఉండాలి, ఎత్తు జెర్రి పొడవుకు రెట్టింపు ఉండాలి. గాజుతొట్టి వాడేవారు మూలల్లోని సిలికాన్ జిగురు గీతలను చూసుకోండి, వాటిని పట్టుకుని జెర్రి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. గాలి రంధ్రాలు సన్నగా ఉండాలి, వాటిపై లోపలి నుంచి సన్నకన్నుల స్టీలు జాలీ అతికించాలి. దోమతెర గుడ్డ చాలదు, కొరికి చించుకోగలదు. ఆ డబ్బాను మరో పెద్ద మూత డబ్బాలో ఉంచి, గదికి తాళం వేయండి. పిల్లలున్న ఇంట్లో ఈ మూడు అడ్డాలూ లేకుండా జెర్రిని ఉంచకూడదు. ఇందులో రాజీ లేదు.

లోపలి తడి సంగతి. ఎండాకాలంలో రోజూ నీళ్ళు చిలకరించిన అలవాటుతో వానాకాలంలోనూ చిలకరిస్తే అడుగున నీరు నిలుస్తుంది. నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు, మట్టి కలిపి వేసి, ఒక పక్క మాత్రమే చెమ్మగా ఉంచండి. పిడికిట పట్టి పిండితే చుక్క రాలకూడదు. రెండో పక్క పొడిగా ఉంటే జెర్రి తనకు కావలసిన చోటు తానే ఎంచుకుంటుంది. తెల్లటి బూజు, సన్నటి పురుగులు కనిపిస్తే మట్టి మొత్తం మార్చాలి. కొబ్బరి పొట్టు నర్సరీ నుంచి తెస్తే కలిపిన ఎరువూ మందూ ఏమీ లేవని అడిగి తెచ్చుకోండి. కడియం నుంచి మొక్కలు తెచ్చేటప్పుడు ఆ సంచుల అడుగులను కూడా ఒకసారి దులపండి, జెర్రులు వాటితో పాటు ఇంటికి వస్తాయి.

పెంచేవారు ఎక్కువగా మరచిపోయేది మందుల సంగతి. వానాకాలం దోమల కాలం. పంచాయతీ వారు వీధుల్లో పొగ వదులుతారు, ఇంట్లో దోమల చుట్టలు, ప్లగ్గుకు పెట్టే ద్రవాలు వాడతాం. ఆ మందులు దోమలతో ఆగవు, జెర్రికీ హాని చేస్తాయి. పొగ వదిలే బండి చప్పుడు వినగానే డబ్బాను లోపలి గదికి మార్చి, కిటికీలు మూసి, తలుపు సందులో తడిగుడ్డ పెట్టండి. మేత విషయంలోనూ ఇదే భయం. వరి చేల గట్ల మీద పట్టిన కీచురాళ్ళకు పురుగుమందు తగిలి ఉండవచ్చు. మందు కొట్టిన వంటగదిలోని బొద్దింకలను అసలే వేయవద్దు. వేరే డబ్బాలో పెంచిన కీచురాళ్ళు, బొద్దింకలే వారానికి ఒకటి చొప్పున చాలు. తినకుండా మిగిలిన పురుగును మర్నాడు తీసేయాలి. జెర్రి కుబుసం విడిచే రోజుల్లో ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అప్పుడు కీచురాయి కూడా దాన్ని కొరకగలదు. కదలకుండా ఉంది కదా అని కర్రతో పొడవవద్దు. ఒక డబ్బాలో ఒక జెర్రి మాత్రమే ఉండాలి. రెండు వేస్తే ఒకటే మిగులుతుంది.

బయట పట్టిన ఆడ జెర్రి అప్పటికే జత కట్టి ఉంటే, పెట్టెలో గుడ్లు పెట్టవచ్చు. గుడ్ల చుట్టూ ఒళ్ళు చుట్టుకుని, బూజు పట్టకుండా నాకుతూ వారాల తరబడి తిండి మానేసి కాపలా కాస్తుంది. నేను ఒక్కసారే చూశాను, ఎర్రటి గుడ్డ కప్పిన దీపం వెలుగులో, ఊపిరి బిగబట్టి. అప్పుడు కదిలిస్తే గుడ్లను తానే తినేయవచ్చు. అందుకని మూత తీయవద్దు, ఫోటోలు వద్దు. ఇంకో ముఖ్యమైన మాట ఉంది. పిల్ల జెర్రులు నూలుపోగుల్లా సన్నగా ఉంటాయి, తల్లికి సరిపోయిన గాలి రంధ్రాలు వాటికి సింహద్వారాలు. గుడ్లు కనిపించిన రోజే, మూత తీయకుండా, రంధ్రాలపై బయటి నుంచి ఇంకా సన్నకన్నుల జాలీ అతికించండి.

చేత్తో పట్టుకోవడం గురించి ఒక్క మాటలో చెబుతాను: పట్టుకోవద్దు. తల కిందనున్న మొదటి జత కాళ్ళే విషపు కోరలు. పల్చటి రబ్బరు చేతితొడుగును అవి చీల్చగలవు. చివరి పొడవు కాళ్ళను చూసి జనం భయపడతారు గానీ వాటిలో విషం లేదు, పట్టు కోసం, బెదిరించడం కోసం వాడుతుంది. డబ్బా మార్చవలసినప్పుడు పెద్ద నున్నటి తొట్టి మధ్యలో రెండు డబ్బాలూ పెట్టి, పొడవాటి పట్టకారు ఒక చేత, మెత్తటి కుంచె ఒక చేత పట్టుకుని, వెనక నుంచి తోలండి. పట్టకారు పన్నెండంగుళాలకు తగ్గకూడదు. కాళ్ళకు బూట్లు ఉండాలి. కరెంటు పోయే వేళ ఆ పని పెట్టుకోకండి. తొందరలో ఒక కాలు ఊడితే, జెర్రికి ఒక కాలు పోతే ఏమి అన్న మాట కొంతవరకు నిజమే. స్కోలోపెండ్రాలలో చాలావాటికి ఇరవై ఒక్క జతల కాళ్ళుంటాయి, పోయినది కుబుసాలు విడిచే కొద్దీ తిరిగి మొలుస్తుంది.

కరిస్తే ఏమి చేయాలో ముందే రాసి గోడకు అంటించుకోవాలి. జెర్రి విషంలో హిస్టమిన్, సెరొటోనిన్, కణజాలాన్ని కరిగించే పదార్థాలు ఉంటాయి. నొప్పి తీవ్రంగా ఉంటుంది, వాపు, ఎరుపు, గజ్జల్లో లేదా చంకలో బిళ్ళ కట్టడం మామూలే. ప్రాణాపాయం చాలా అరుదు. దీనికి విరుగుడు మందంటూ లేదు, బాధను తగ్గించడమే వైద్యం. ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయండి, సబ్బుతో కడగండి. భరించగలిగే వేడినీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల వేడిలో, కరిచిన చోటు కొంతసేపు ఉంచితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని ముందు కరవని చేత్తో చూసుకోవాలి. లేకపోతే కాట్ల మీద కాలిన బొబ్బలు కూడా వస్తాయి. కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం, సున్నం, కిరోసిన్ పూయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. ధనుర్వాతం సూది వేయించుకున్నారో లేదో చూసుకోండి. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం, గుండెల్లో నొప్పి కనిపిస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. చిన్నపిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు లక్షణాల కోసం ఎదురుచూడకుండానే ఆసుపత్రికి వెళ్ళాలి.

వీటన్నిటి కంటే ముఖ్యమైన సంగతి ఒకటి. ఇంట్లో జెర్రి ఉందని తెలిసినవారు, చీకట్లో ఏదో కరవగానే "ఇది జెర్రే" అనుకుంటారు. వానాకాలం కట్లపాము తిరిగే కాలం. దాని కాటుకు నొప్పి ఉండకపోవచ్చు, గుర్తు కనిపించకపోవచ్చు, కొన్ని గంటల్లో ఊపిరి ఆగిపోవచ్చు. కరిచినదాన్ని కంటితో చూడకపోతే పాము అనుకునే ఆసుపత్రికి పరుగెత్తాలి. మా ఇంట్లో అందరికీ ఈ మాట నేర్పాను, చిన్నదానికి కూడా.

ఇక వరద. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండోది, 17.75 అడుగుల వద్ద మూడోది ఇస్తారు. 2022 జూలైలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవారు రెండో హెచ్చరిక దాకా ఆగవద్దు. మొదటి హెచ్చరిక వినగానే జెర్రిని ప్రయాణపు డబ్బాలోకి మార్చి, మూతకు టేపు చుట్టి, పైన "విషపు జెర్రి, తెరవవద్దు" అని రాసి, మెరక మీద డాబా ఇల్లున్న బంధువుకు ముందే చెప్పి ఒప్పించి అప్పగించండి. పునరావాస కేంద్రంలో, వందమంది పిల్లలు నేల మీద పడుకునే బడిగదిలో, జెర్రి డబ్బా ఉండకూడదు. ఎక్కడికీ పంపలేకపోతే అటక మీద, గాలి ఆడేలా, కట్టేసి వదిలి వెళ్ళండి. పెద్ద జెర్రికి చెమ్మ ఉంటే చాలు, రెండు మూడు వారాలు తిండి లేకున్నా బతుకుతుంది. నీళ్ళు తీశాక వచ్చి ముందు మూత చూసుకుని, తరవాతే డబ్బా దించండి.

కోరింగ మడ అడవుల్లో జెర్రిని పట్టి తెచ్చుకోవాలనే ఆలోచన కూడా వద్దు. అది అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏ ప్రాణినీ తేకూడదు, వెన్నెముక లేని జీవులు సైతం. బస్సు పార్సిళ్ళలో జెర్రులను పంపేవారి దగ్గర కొనకండి. దారిలో సంచి మోసే మనిషికి అందులో ఏముందో తెలియదు. పెంచలేననుకున్నప్పుడు పక్కవారి పెరట్లో వదలకుండా, పట్టిన చోటికే, మనుషులు మెసలని డొక్కల పోగు దగ్గరికి, పొద్దుగూకాక తీసుకువెళ్ళి వదలండి.

ఈ వారంలో ఒక సాయంత్రం వెచ్చించి మూత కొక్కేలు ఒక్కొక్కటే లాగి చూడండి. డబ్బాను ఒకసారి తలకిందులుగా పట్టుకుని, గాలి రంధ్రాల వెనక దీపం పెట్టి, జాలీ ఎక్కడైనా వదులైందేమో చూసుకోండి. జెర్రి లోపల లేనప్పుడే సుమా.