ఒకే కథ, మూడు సువార్తలు: పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

బైబిలులో యేసు జీవితాన్ని చెప్పే నాలుగు పుస్తకాలైన మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలను పోల్చి చదవాలని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చేసేది పోల్చడం కాదు, కలిపేయడం. మత్తయి నుంచి ఒక ముక్క, లూకా నుంచి ఒక ముక్క తీసుకుని కొత్త కథ ఒకటి అల్లేస్తారు. అది ఏ సువార్తలోనూ ఉండదు. నలుగురు నాలుగు పుస్తకాలు రాసిన ఫలితం అక్కడితో పోయినట్టే.

మొదటి ప్రయత్నానికి, యెరికో ఊరి దగ్గర యేసు చూపునిచ్చిన గుడ్డివాడి కథ తీసుకోండి: మార్కు 10:46–52, మత్తయి 20:29–34, లూకా 18:35–43. చిన్న కథ, మూడింట్లోనూ ఉంది, తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. కొండమీది ప్రసంగంతో మాత్రం మొదలుపెట్టకండి. మత్తయిలో మూడు అధ్యాయాలున్న ఆ ప్రసంగంలోని మాటలు లూకాలో ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. చేయి తిరగనివాళ్లు అక్కడ సగంలోనే వదిలేస్తారు.

కావలసినవి

ఏ3 కాగితం, మామూలు పెన్సిల్, నాలుగు రంగు పెన్సిళ్లు, స్కేలు, ఒక బైబిలు. మూడు సువార్తలకూ అనువాదం ఒక్కటే ఉండాలి. ఒకదానికి పాత అనువాదం, ఇంకోదానికి వాడుక భాష అనువాదం వాడితే మీకు దొరికే తేడాలు అనువాదకులవి. స్కెచ్ పెన్నులు వద్దు, తప్పు రంగు పడితే చెరగదు.

గీయడం, రాయడం

కాగితాన్ని అడ్డంగా పెట్టి 13 సెంటీమీటర్ల వెడల్పున మూడు నిలువు వరుసలు గీయండి. మధ్యది మార్కుకు, ఎడమది మత్తయికి, కుడిది లూకాకు. అచ్చు పుస్తకాల్లోనూ మత్తయి, మార్కు, లూకా అనే వరుసే ఉంటుంది, దాన్ని చెడగొట్టకండి. మత్తయి, లూకా ఏకీభవించే చాలాచోట్ల మార్కు కూడా వాళ్లతో ఉంటాడు. అందుకే కన్ను ఎటు తిరిగినా ముందు మార్కు మీద పడాలి.

చేత్తోనే రాయాలి. ఫోన్‌లో కాపీ చేసి అతికిస్తే కన్ను తెలిసిన మాటల మీదుగా జారిపోతుంది. ముందు మార్కును వాక్యానికో వరుస చొప్పున దించండి. ఒకే సంగతి చెప్పే వాక్యాలు మూడింట్లోనూ ఒకే ఎత్తులో రావాలి. ఒకరు చెప్పని సంగతి దగ్గర ఆ వరుసలో అంత మేర ఖాళీ వదలండి. ఉదాహరణకు, గుడ్డివాడు పైబట్ట పారేసి లేచి రావడం మార్కులోనే ఉంది. దాని పక్కన రెండు ఖాళీలు రావాలి. కాగితం దండగ అనుకుని కింది వాక్యాన్ని పైకి జరిపితే పట్టిక మొత్తం పాడవుతుంది.

రంగులు

ముగ్గురిలోనూ ఉన్నదానికి ఎరుపు, మార్కు–మత్తయిలకు నీలం, మార్కు–లూకాలకు ఆకుపచ్చ, మత్తయి–లూకాలకు పసుపు. ఒక్కరే చెప్పినదానికి రంగు వద్దు. ‘దావీదు కుమారుడా’ అన్న కేక, జనం ఊరుకోమని గద్దించడం, నీకేం చేయాలి అన్న యేసు ప్రశ్న ఎరుపు. యెరికో నుంచి వెళ్తుండగా జరగడం నీలం. ‘నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను’ ఆకుపచ్చ. యేసు కనికరపడి కళ్లు ముట్టడం మత్తయిలోనే, ప్రజలంతా దేవుణ్ణి స్తుతించడం లూకాలోనే ఉన్నాయి కాబట్టి వాటికి రంగుండదు. ఇంతవరకు గంట పని.

తేడాకు కారణం వెతకడం

పని చెడేదంతా ఇక్కడే. అందుకే నింపాదిగా చేయండి.

మార్కు, మత్తయి లెక్కలో యేసు యెరికో నుంచి వెళ్తున్నాడు. లూకాలో యెరికోకు సమీపిస్తున్నాడు. మార్కు, లూకాలలో గుడ్డివాడు ఒక్కడే, మత్తయిలో ఇద్దరు. బర్తిమయి అనే పేరు మార్కులోనే ఉంది. ఇవి కనపడగానే చాలామంది వెంటనే అతుకు వేస్తారు: పాత యెరికో ఒకటి, హేరోదు రాజు నాటి కొత్త యెరికో ఒకటి ఉన్నాయి, ఒకటి వదిలి రెండోదానికి వెళ్తుండగా జరిగింది, ఇద్దరిలో ఒకడి పేరే మార్కు చెప్పాడు. అలా జరిగి ఉండవచ్చు. కానీ ఆ మాట ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. అతుకు వేసిన క్షణం నుంచి లూకా ఎందుకలా రాశాడన్న ప్రశ్న మీకు ఇక తట్టదు.

దీనికి నియమం ఒక్కటే. తేడాను ముందు ఆ సువార్తలోనే, ఆ కథకు ముందూ వెనకా చదివి అర్థం చేసుకోవాలి. లూకాలో తర్వాతి పేజీ తిప్పండి. 19:1లో యేసు యెరికోలో ప్రవేశిస్తాడు, అక్కడ జక్కయ్య కథ వస్తుంది. ఆ కథ మిగతా సువార్తల్లో లేదు. ఊరి లోపల జరగాల్సిన కథ ముందుండగా, గుడ్డివాడి కథ ఊరి బయట, రాకముందే రావడం సహజం. మత్తయిలోనూ అలాగే చూడండి: గదరేనీయుల దేశంలో దయ్యాలు పట్టినవాళ్లు ఇద్దరు (8:28), మార్కులో ఒక్కడు. 9:27లో మళ్లీ ఇద్దరు గుడ్డివాళ్లు. 21:2లో గాడిదతోపాటు దాని పిల్ల. యెరికోలో ఇద్దరుండడం మత్తయికి కొత్తేమీ కాదు. ఇక మార్కులో వెనక్కి వెళ్లండి. ‘మీకేం చేయాలి?’ అన్న ప్రశ్నను యేసు 10:36లో తన శిష్యులైన అన్నదమ్ములు యాకోబు, యోహానులను అడిగాడు. వాళ్లు కుడి ఎడమల కూర్చునే చోటు కోరారు. అదే ప్రశ్నకు గుడ్డివాడు చూపు కోరాడు. లూకాలో ఆ అన్నదమ్ముల కోరిక కథే లేదు.

రాసుకునేటప్పుడు అంచున మూడు గుర్తులు తప్పక పెట్టండి: పాఠంలో ఉన్నది, బలమైన ఊహ, వట్టి ఊహ. జక్కయ్య కథ కోసమే లూకా అలా రాశాడన్నది రెండోది. దాన్ని మొదటి గుర్తు కింద రాయడమే తరచూ కనిపించే తప్పు.

ఎవరు ఎవరిని చూసి రాశారన్న తీర్పు ఒక్క పేజీ మీద ఇవ్వకండి. మార్కు సుమారు క్రీ.శ. 70 ప్రాంతంలో ముందు వచ్చిందనీ, మత్తయి, లూకా దాన్ని వాడుకున్నారనీ ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కానీ ఈ కథలోనే ఒక చిక్కుంది. గుడ్డివాడు మార్కులో ‘బోధకుడా’ అంటాడు. మత్తయి, లూకాలలో ‘ప్రభువా’ అంటాడు. ఇద్దరూ విడివిడిగా మార్చారా, లేక లూకా మత్తయిని చూశాడా? పసుపు రంగు పడిన ఇలాంటి చోట్లన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. మూడు నిలువు వరుసల పట్టికను 1776లో అచ్చువేసిన జర్మన్ పండితుడు గ్రీస్‌బాఖ్ స్వయంగా మార్కే చివరిదనుకున్నాడు. పట్టిక సాక్ష్యం చూపిస్తుంది, తీర్పు చెప్పదు.

‘చిన్నదే పాతది’ అన్న సూత్రం కూడా నమ్మకండి. మార్కు పుస్తకం చిన్నదే, కథలు మాత్రం చాలాచోట్ల పెద్దవి. దయ్యాలు పట్టినవాడి కథ మార్కులో 20 వచనాలు, లూకాలో 14, మత్తయిలో 7.

కలిపి రాస్తే తప్పేమిటని అడిగేవాళ్లుంటారు. రెండో శతాబ్దంలో తతియాను అనే క్రైస్తవ రచయిత నాలుగింటినీ ఒకే కథనంగా కూర్చాడు, సిరియా క్రైస్తవ సంఘాలు చాలాకాలం దాన్నే చదివాయి. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ అలా కూర్చినప్పుడు యెరికో గుడ్డివాళ్లు ఎంతమంది అన్నది ఎక్కడో ఒకచోట తేల్చేయక తప్పదు, మిగతావాళ్ల మాట మాసిపోతుంది. నాలుగో శతాబ్దంలో యూసేబియసు అనే క్రైస్తవ చరిత్రకారుడు ఇంకో దారి పట్టాడు. సువార్తలను ముట్టుకోకుండా, ఏ భాగం ఎక్కడెక్కడ ఉందో పది పట్టికల్లో అంకెలతో చూపించాడు. ఆయన దారే సరైనది.

యోహాను

యోహానును ఈ కాగితంలోకి తేవద్దు. వేరే కాగితం తీసుకుని, దేవాలయంలో బల్లలు పడదోసిన ఘటనతో మొదలుపెట్టండి. యోహాను దాన్ని 2వ అధ్యాయంలో చెప్పాడు, మిగతా ముగ్గురూ యేసు జీవితపు చివరి వారంలో చెప్పారు (మార్కు 11:15–17). రెండుసార్లు జరిగిందన్న అతుకు ఇక్కడ కూడా సిద్ధంగా ఉంటుంది. ముందు యోహాను 2వ అధ్యాయం మొత్తం చదవండి.

ఆ తర్వాత ప్రభువు ప్రార్థన: మత్తయి 6:9–13, లూకా 11:2–4. మార్కులో అది లేదు. అయినా మధ్య వరుస గీసి ఖాళీగా వదలండి. మత్తయి, లూకాలలో ఉండి మార్కులో లేని వచనాలు 200కు పైనే ఉన్నాయి. వాటిని చూసే పండితులు ఇప్పుడు దొరకని ‘క్యూ’ అనే ఆధారాన్ని ఊహించారు. ఇలాంటి పేజీలను యెరికో పేజీలతో కలపకుండా విడిగా దాచండి.